నొప్పిని నమ్మిన డాక్టరమ్మ

పోయిన వారం అశోక్‌నగర్‌లో రక్తపరీక్షకు వెళ్లాను. అక్కడి అమ్మాయి మోచేతి మడతలో స్పిరిట్ దూదితో రుద్దగానే చల్లదనం భుజం దాకా పాకింది. "చీమ కుట్టినట్టు ఉంటది అంకుల్, అంతే" అంది. ఏ చీమ అని అడిగాను. నల్ల చీమా, ఎర్ర చీమా? ఎర్ర చీమ అయితే ముందే చెప్పాలి కదా? ఆ అమ్మాయి సూది పట్టుకున్న చేయి ఆపి, "అంకుల్, మీకు భయమా?" అంది. భయం కాదు. ఆ దూది చల్లదనం తగిలితే నాకు వసుంధర గారు గుర్తొస్తారు. ఆమె అక్కడ ఉండి ఉంటే, "సూది గుచ్చుతున్న, జర నొస్తది అని చెప్పు బిడ్డా. నడుమ చీమలను ఎందుకు బద్నాం చేస్తవు?" అనేవారు.

డాక్టర్ వసుంధర మత్తు డాక్టరు. ఏ నర్సింగ్ హోములోనూ ఆమెకు సొంత గది లేదు. పొద్దున నారాయణగూడలో ఒక ఆపరేషన్, పదకొండింటికి చిక్కడపల్లిలో ఇంకొకటి, మధ్యాహ్నం రాంనగర్‌లో మరొకటి. బూడిద రంగు స్కూటీ, హెల్మెట్ కింద నుంచి జారే నెరిసిన జడ, హ్యాండిల్‌కు వేలాడే సంచి. ఇంటికి వెళ్లేటప్పుడు పేషెంట్లు సర్జన్‌కు మిఠాయి డబ్బా ఇస్తారు, నర్సులకు పండ్లు పంచుతారు. మత్తు డాక్టరు పేరు ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. ఫిర్యాదులో పేరు రాయాలి కాబట్టి కనుక్కున్నాను.

నా గురించి కూడా ఒక మాట చెప్పాలి. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య జిరాక్స్, టైపింగ్ షాపు నడిపినవాణ్ణి. నన్ను చిన్నబుచ్చిన ప్రతి మనిషీ, ఆ రోజు వాడు వేసుకున్న చొక్కాతో సహా నాకు గుర్తుంటాడు. ఏడో తరగతిలో నా స్కేలు విరగ్గొట్టి నవ్వినవాడు ఇప్పుడు కవాడిగూడలో ఉంటున్నాడు. పెళ్లిళ్లలో కనబడితే నేను బంతి మారి కూర్చుంటాను.

పన్నెండేళ్ల కిందట నాకు కుడి గజ్జలో హెర్నియా వచ్చింది. నారాయణగూడలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. పేరు రాయను. రాయనని మా ఆవిడ సరళ నాతో ఒట్టు వేయించుకుంది. నడుముకు ఇంజెక్షన్ ఇచ్చాక కాళ్లు నావి కాకుండా పోయాయి. "కాలెత్తండి" అన్నారు వసుంధర గారు. ఎత్తలేకపోయాను. "మొదలుపెట్టొచ్చు సార్" అన్నారు సర్జన్‌తో. ఆయనకు ఇంకో చోట కేసు ఉందట, వెంటనే మొదలుపెట్టాడు. కత్తి పెట్టడం నాకు తెలిసింది. ఏదో లాగినట్టు కాదు. నిప్పుతో గీత గీస్తే ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలిసినట్టు తెలిసింది. "నొప్పి, నొప్పి!" అని అరిచాను.

"నొప్పి కాదు. లాగినట్టు ఉంటది, అంతే" అన్నాడు సర్జన్. నొప్పి నాది, దానికి అర్థం చెప్పేది ఆయన. మళ్లీ అరిచాను. "గింత పెద్ద మొగోడు, జర ఓపిక లేదు. మొన్న కాన్పుకొచ్చిన పిల్ల నయం" అన్నాడు నర్సుతో, నేను అక్కడ లేనట్టే. నా తల దగ్గర నిలబడిన వసుంధర గారు "ఒక్క నిమిషం సార్" అన్నారు. "కోసినంక ఏం ఆపుతం మేడమ్?" అన్నాడాయన. ఆ తర్వాత ఆమె నా చేతికున్న సెలైన్ గొట్టంలోకి ఏవో మందులు ఎక్కించారు. చివరికి ఎప్పుడో నిద్ర పట్టింది.

మెలకువ వచ్చాక అందరికీ చెప్పాను. మత్తులో కల వచ్చి ఉంటుందని సర్జన్ అన్నాడు. నర్సు నవ్వింది. సరళ కూడా, "కలనే అయ్యుంటది లెండి. పెద్ద డాక్టరు అబద్ధమెందుకు చెప్తడు?" అంది. ఇంటికి పంపేటప్పుడు సర్జన్ ఇంకో మాట చెప్పాడు. ఎడమ పక్క కూడా హెర్నియా మొదలైంది, ఆరు నెలల్లో వచ్చి చేయించుకోవాలి, నిర్లక్ష్యం చేస్తే పేగు ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుంది. ప్రాణమైనా వదులుతాను గానీ ఆ బల్ల మళ్లీ ఎక్కనని మెట్లు దిగుతూనే నిర్ణయించుకున్నాను.

ఇంటికి వచ్చి పదకొండు పేజీల ఫిర్యాదు టైపు చేశాను. బండి తీయమని నన్ను గద్దించిన వాచ్‌మన్, ఉప్పు లేని ఉప్మా, నరహరి అనే నా పేరును రెండు రోజులూ నరసింహ అని పిలిచిన నర్సు, అందరూ అందులో ఉన్నారు. ప్రతులు తీయడానికి మిషన్ మనదే కాబట్టి ఆ నర్సింగ్ హోమ్‌కూ, తెలిసిన ప్రతి ఆఫీసుకూ ఒక్కొక్కటి పంపాను.

వారం తిరక్కుండానే వసుంధర గారు ఒక్కరే షాపుకు వచ్చారు. పిల్లలు జిరాక్స్ కోసం కూర్చునే స్టూలు మీద కూర్చుని, సంచిలోంచి నా ఫిర్యాదు తీశారు. మార్జిన్ల నిండా ఎర్ర పెన్ను గీతలు.

"మూడో పేజీల తప్పుంది నరహరి గారూ" అన్నారు. తగాదాకు సిద్ధమై లేచి నిలబడ్డాను. "నొప్పి పది నిమిషాలు ఉందని రాసిండ్రు. పద్నాలుగు. నేను గడియారం చూస్తనే ఉన్న."

లేచినవాణ్ణి మళ్లీ కూర్చున్నాను.

"కాలెత్తకపోతే చాలనుకున్న. చాలదు. మందు కోసే చోటిదాక ఎక్కిందో లేదో చూడాలె, చూడలేదు. మీరు అరిచినప్పుడు నేను సర్జన్ గారి మొహం చూసిన. మీ మొహం చూడలేదు. తప్పు నాదే. రాసుకోండి."

నా యాభై ఏళ్ల జీవితంలో నా ఫిర్యాదును ఒప్పుకున్న మొదటి మనిషి ఆమె. సంతోషించాలి కదా? నాకు ఒళ్లు మండింది. కొట్లాటకు పట్టుకెళ్లిన కర్రను ఎదుటివాడు తీసుకుని, పేడు లేకుండా చెక్కి తిరిగి చేతికిచ్చినట్టు అయింది. "చాయ్ తాగుతారా?" అన్నాను.

"తాగుత. ఉప్మాల ఉప్పు లేని మాట నిజమే, నేను గూడ తిన్న. కానీ ఈ పదకొండు పేజీలల్ల వాచ్‌మన్ ముందొచ్చిండు, నొప్పి మూడో పేజీల వచ్చింది. గక్కడిదాక ఎవరు చదువుతరు?"

చాయ్ చల్లారేలోగా ఇద్దరం కలిసి దాన్ని అర పేజీ చేశాం. ఏం జరిగింది, ఎంతసేపు జరిగింది, ఇకముందు ఏం చూసుకోవాలి. అంతే. కింద నా సంతకం పక్కన ఆమె కూడా సంతకం పెట్టారు, తన మీద తానే. నాకు జవాబు రాలేదు. ఆమెను మాత్రం ఆ నర్సింగ్ హోమ్ వాళ్లు రెండు నెలలు పిలవలేదని తర్వాత ఒక నర్సు ద్వారా తెలిసింది. చెప్పిన టైముకు వచ్చే మత్తు డాక్టరు ఇంకొకరు దొరక్క మళ్లీ వాళ్లే పిలుచుకున్నారట. ఈ సంగతి ఆమె ఒక్కసారి కూడా నాతో అనలేదు. నేనైతే ఊరంతా చెప్పేవాణ్ణి.

కొన్నాళ్లకు ఫోన్ చేశారు. "నరహరి గారూ, జర చిక్కడపల్లి దాక వస్తరా? ఫిర్యాదు చేయనీకి రాని మనిషి ఒకాయన దొరికిండు. మీ అవసరం పడ్డది."

ఆ మనిషి జంగయ్య. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి కవాడిగూడలో ఇళ్లు కడుతున్న మేస్త్రీ. ఆయనదీ హెర్నియానే, మర్నాడు అక్కడి నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్. డాక్టరమ్మ ఉబ్బిన చోట నొక్కి, "నొస్తుందా?" అన్నారు.

"లేదమ్మా. మంచిగనే ఉంది."

"మరి కండ్లల్ల నీళ్లేంది?"

"ఫ్యాన్ గాలికమ్మా."

ఆమె నన్ను బయటికి తీసుకొచ్చి చెప్పారు. "చూసిండ్రు గద. పెద్ద డాక్టరు అడిగితే ఏం లేదనుడే మర్యాద అనుకుంటరు. రేపు బల్ల మీద గూడ గట్లనే అంటడు. అందుకే నేను ఇప్పుడు నొప్పి ఉందా అని అడుగుతలేను. స్పిరిట్ దూది పెట్టి చల్లగుందా లేదా అని అడుగుతున్న. చల్లగ తెలిసిందంటే మందు ఇంకా అక్కడిదాక ఎక్కలేదన్నట్టు. చల్లగుందని చెప్పనీకి ఎవరికి సిగ్గు? కానీ ఈయన అది గూడ చెప్పేటట్టు లేడు."

నేను జంగయ్య పక్కన కూర్చున్నాను. ఇద్దరికీ చాయ్ తెప్పించాను. "ఎట్లుంది?" అంటే "మంచిగుంది సారు" అన్నాడు. "ఇది చాయా? గ్లాసు కడిగిన నీళ్లు" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అరగంట పట్టింది. చివరికి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "చక్కెర జర తక్కువుంది" అన్నాడు. నాకు కొడుకు మొదటి ర్యాంకు తెచ్చినంత సంతోషమైంది.

"నీ కింది మనిషి ఇటుక వంకర పెడితే ఏం చేస్తవు?"

"ఊకుంటనా సారు? పీకి మళ్ల పెట్టిస్త."

"అది ఎవరి ఇల్లో. దానికే అంతంటే, రేపు కోసేది నీ పొట్ట."

మర్నాడు నేను ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఉన్నాను. తలుపులు మూసి ఉన్నా జంగయ్య గొంతు వీధి దాకా వినబడింది. "ఆగుండ్రి! ఇంకా చల్లగనే ఉంది! చెయ్యి పెట్టొద్దు!" బెంచీ మీద ఉన్నవాళ్లందరూ ఉలిక్కిపడ్డారు. నేను లేచి చప్పట్లు కొట్టాను. డాక్టరమ్మ ఆగారు, మందు సరిగ్గా ఎక్కే దాకా ఎవరినీ చేయి వేయనివ్వలేదు. సాయంత్రం వార్డుకు వెళితే జంగయ్య, "సారు, జర గట్టిగ అన్ననా?" అని మొహమాటపడ్డాడు.

డాక్టరమ్మతో పాటు మెట్లు దిగుతుంటే నాకు దగ్గు వచ్చింది. దగ్గినప్పుడు నా చేయి దానంతట అదే ఎడమ గజ్జ మీదికి వెళ్లింది. ఆమె ఆగిపోయారు.

"ఎన్ని దినాలాయె?"

"ఏం లేదండి. బాగానే ఉంది."

ఆమె నవ్వడం మొదలుపెట్టారు. గోడకు ఆనుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "మీరు గూడ జంగయ్యనే! ఉప్మా మీద పేజీ రాస్తరు, పేగు మీద ఒక్క మాట చెప్పరు." తర్వాత నవ్వు ఆపి నెమ్మదిగా అన్నారు. "మీరు సరే అనే దాక కత్తి పడదు. నా మాట నమ్మమని అడగను. నన్ను వంద సార్లు అడగండి."

పది రోజుల తర్వాత మళ్లీ ఆ బల్ల ఎక్కాను. అదే సర్జన్. వసుంధర గారు ముందు నా చెంప మీద దూది పెట్టి, ఇదీ చల్లదనం అని చూపించారు. తర్వాత పొట్ట మీద. చల్లగా లేదు. "ఇంకోసారి చూడండి" అన్నాను. చూశారు. ఇంకోసారి. ఇంకోసారి. సర్జన్ చేతులు పైకి పెట్టుకుని నిలబడి నిట్టూర్చాడు.

"నరహరి గారు సరే అనాలె సార్. నాకైతే తొందర లేదు. మీకుందా?" అన్నారామె. నేను ఏడోసారి చూపించుకుని, ఆమె నా మొహం వైపే చూస్తున్నారని నిర్ధారించుకుని, "సరే" అన్నాను. ముప్పావు గంట. ఆ ముప్పావు గంటా పైకప్పు పెచ్చులూడుతోందని, గోడ గడియారం వెనకబడిందని నేను చెబుతూనే ఉన్నాను, ఆమె ఊఁ కొడుతూనే ఉన్నారు. నొప్పి లేదు. చివరికి సర్జనే గుడ్డ పైనుంచి తొంగిచూసి, "అన్నా, ఇంక ఊకో, కుట్లేస్తున్న" అన్నాడు.

కృతజ్ఞతలు చెప్పడం నాకు అలవాటు లేదు. తెలిసిన పద్ధతిలోనే టైపు చేసి ఇచ్చాను. 'విషయం: ఆపరేషన్‌లో నొప్పి తెలియకపోవుట గురించి.' ఆమె చదివి, "ఇది గూడ కంప్లైంట్ లెక్కనే ఉంది" అన్నారు. మడిచి సంచిలో పెట్టుకున్నారు.

వసుంధర గారు పోయి మూడేళ్లు. నాలో పెద్ద మార్పు వచ్చిందని రాస్తే మా ఆవిడ ఈ కాగితాలు చింపేస్తుంది. స్కేలు విరగ్గొట్టినవాడితో ఇప్పటికీ మాట్లాడను. కానీ సరళ పాతికేళ్లుగా మెడ నొప్పి అంటుంటే, "ఏం కాదులే, దిండు మార్చు" అని నేను అంటూ వచ్చిన సంగతి ఆ రెండో ఆపరేషన్ తర్వాతే నాకు తట్టింది. నా ఫిర్యాదుల జాబితాలో అందరి పేర్లూ ఉన్నాయి, సరళ మెడ నొప్పి మాత్రం లేదు. ఇప్పుడు ఆమె మెడ అనగానే పేపరు పక్కన పెట్టి, ఆమె మొహం వైపు చూస్తాను. ఎక్కడ, ఎప్పటినుంచి, ఎటు తిప్పితే అని అడుగుతాను. నిన్న కూడా అడిగాను.

"ఇప్పుడు తగ్గిందండీ" అంది సరళ. "చెప్పి చెప్పి నోరు నొస్తుంది."

"నోట్లో ఎక్కడ?" అన్నాను.