అరవై కిలోల మీసాలాయన

ఆ రోజుల్లో మా బళ్ళారి వైపు చెట్టూ, గొడ్డూ, మనిషీ అన్నీ ఒకటే రంగు. ఇనుప గనుల ఎర్ర మన్ను ధర ఆకాశంలో ఉండేది, దాని దుమ్ము మా నెత్తిన ఉండేది. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. బాగా ముదిరిపోయాననుకునేవాణ్ణి గానీ, ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అది గోలీలాడుకునే వయసులాగే కనిపిస్తుంది. ఆ వయసులో, ఒక మధ్యాహ్నం పూట, నేను ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్‌గా మూడు రౌండ్లు నిలబడ్డాను. నవ్వకండి. (ఎన్ని రౌండ్లన్నది చివర్లో మళ్ళీ మాట్లాడుకుందాం.)

కురుగోడు రోడ్డులో లారీలు తూచే కాటా దగ్గర నా కొలువు. లారీ ఇనుప పలక ఎక్కుతుంది, కిటికీ వెనక ఎర్ర అంకెలు వెలుగుతాయి, నేను చీటీ కొట్టిస్తాను, అంతే పని. బయట వంద లారీలు వరసలో ఉండేవి (ముప్పై అనుకోండి). వరస కదిలేదాకా డ్రైవర్లంతా పక్కనున్న చాయ్ అక్క అంగడి ముందు చేరేవాళ్ళు. ఆమె టీవీలో ఎవరో బాక్సింగ్ పెట్టిన నాటినుంచి వాళ్ళకు ఒకటే గొడవ: వెనకటి కాలం ఛాంపియనూ ఇప్పటి ఛాంపియనూ ఎదురుపడితే ఎవరు గెలుస్తారు? ఆ పేర్లకు ఎవరి నోరూ తిరగదు. అందుకని ఇప్పటివాడు ‘బోడిగుండు’, నలుపు తెలుపు బొమ్మల్లో కనబడే పాతాయన ‘మీసాలాయన’. బోడిగుండు పక్షానికి పెద్ద సిరిగేరప్ప. సిరిగేరిలో వడ్లమూటలు మోసి మోసి, ఆ భుజాలతోనే వచ్చి లారీ పట్టిన మనిషి. మీసాలాయన పక్షానికి పెద్దను నేను. ఎందుకంటే మద్రాసులో ఆరు నెలలు బాక్సింగ్ నేర్చుకున్నానని అందరికీ చెప్పి ఉన్నాను. (మద్రాసు వెళ్ళిన మాట నిజమే, కంటి ఆపరేషన్‌కు. ఆసుపత్రి ఎదురు మేడమీద ఎవరో సంచిని గుద్దుతూ ఉంటే, కట్టు కట్టని కంటితో రెండు రోజులు చూశాను.)

ఆ పొద్దున్నే ఒక డ్రైవరు చీటీ పట్టుకొచ్చి, కాటా బరువు తక్కువ చూపిస్తోందని తగవుకు దిగాడు. నేను ఊరుకోవచ్చు గదా. “నా కాటా అబద్ధం చెప్పిందని ఎవరన్నా రుజువు చేస్తే, తాళాలు సావుకారి ముందర పడేసి ఇంటికి పోతా” అని పదిమందిలో అరిచాను. ఇంట్లో ముగ్గురు పిల్లలు. కొలువు పోతే వేరే దిక్కు లేదు. అయినా అరిచాను.

మధ్యాహ్నం మళ్ళీ బాక్సింగ్ మొదలైంది.

“నీ మీసాలాయన ఎంతుంటాడప్పా? గుప్పెడు. మావోడు ఊదితే పోయి కురుగోడులో పడతాడు,” అన్నాడు సిరిగేరప్ప.

“బరువు సమానంగా ఉంటే మావాడికి మూడు నిమిషాలు చాలప్పా. నేను నేర్చుకున్నది ఆయన పద్ధతే,” అన్నాను.

చాయ్ అక్క గ్లాసులు కడుగుతూ తలెత్తకుండానే అంది. “ఇంత పెద్ద కాటా పక్కన పెట్టుకోని బరువు గురించి కొట్లాడతాండారేందప్పా. ఇద్దరూ ఎక్కండి. సమానమైతే నువ్వు మీసాలాయన, ఆయప్ప బోడిగుండు. ఈ పొద్దే గుద్దులాడి తేల్చుకోండి. నాకు దినామూ ఈ గలాటా తప్పుతాది.”

సంతోషంగా ఒప్పుకున్నాను. ఆయన పక్కన నేను చీపురుపుల్లనని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది కాబట్టి, సమానమయ్యే ప్రమాదమే లేదనుకున్నాను. సిరిగేరప్ప పలక ఎక్కాడు. చాయ్ అక్క కిటికీలోకి తొంగిచూసి “అరవై” అంది. తర్వాత నేను ఎక్కాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. “ఇదీ అరవయ్యే.”

నా కాళ్ళ కింద పలక కదిలినట్టైంది. నా బరువు యాభై రెండు. ఆయన అరవై ఎనిమిది. కానీ ఒప్పుకునేటప్పుడు ఒకటి మరిచిపోయాను, అది లారీల కాటా, ఇరవై కిలోల మెట్లు తప్ప దానికి తెలియవు. నలభై తర్వాత అరవై, అరవై తర్వాత ఎనభై. మా ఇద్దరికీ దగ్గరి మెట్టు అరవై, అదే చూపించింది. ఈ గుట్టు అక్కడ నాకొక్కడికే తెలుసు. చెబితే పళ్ళు మిగులుతాయి, కొలువు పోతుంది. పొద్దుటి డ్రైవరు చీటీ చేతిలోనే పట్టుకుని ముందుకొచ్చాడు.

“ఏందప్పా, సమానమేనా? లేకుంటే నీ కాటా అబద్దం చెప్తాండాదా?”

“సమానమే,” అన్నాను.

పలకే బరి అయింది. చేతులకు తువ్వాళ్ళు చుట్టారు. చుట్టూ డ్రైవర్లు. హారన్లన్నీ ఆగిపోయాయి, దానికే నాకు ఎక్కువ భయం వేసింది. మద్రాసు మేడమీద మనిషి గెంతినట్టే గెంతుతున్నాను. కిటికీలో అంకెలు నూట నలభైకీ నూటికీ మధ్య నాతోపాటే వణుకుతున్నాయి. సిరిగేరప్ప తొందరపడలేదు. ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చాడు. వెనక్కి జరిగాను, పలక అయిపోయింది. ఆయన పట్టేసి నన్ను గుండెకు అదుముకున్నాడు. ఊపిరాడలేదు. చెవిలో ఆయన గొంతు మెల్లగా వినిపించింది.

“మూటలు మోసినోణ్ణప్పా, నీ బరువు నాకు తెలీదా? నీ కాటా మాట నిలబడల్లంటే పడిపో. దెబ్బ తగలనియ్యను.”

వదిలి, చెయ్యి విసిరాడు. చెవి పక్కనుంచి గాలి మాత్రం పోయింది. అప్పటికే నేను పడిపోతున్నాను. ఎంత నిజాయితీగా పడ్డానంటే, పలక అంచు తగిలి ముందు పన్ను ఊడి నా చేతిలోకొచ్చింది.

“ఓడినాడు మీసాలాయన. ఇంగ లారీలు తియ్యండప్పా,” అంది చాయ్ అక్క. పొద్దుటి డ్రైవరు చీటీ మడిచి జేబులో పెట్టుకుని బండెక్కాడు. సిరిగేరప్ప నన్ను లేపి నిలబెట్టి, నోటి దగ్గర చన్నీళ్ళ చెంబు పెట్టాడు.

“గెంతేది యాడ నేర్చుకున్నావప్పా?”

“మద్రాసులో.”

“మల్ల పడేది?”

“ఈడే.”

ఇన్నేళ్ళుగా ఈ పంటిసందు చూపించి, ప్రపంచ ఛాంపియన్ దెబ్బ అని చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. రౌండ్లు మూడు కాదు. ఒకటి కూడా కాదు. గనులు మూతపడ్డాక సిరిగేరప్ప మళ్ళీ వరిమళ్ళకు వెళ్ళిపోయాడు. మళ్ళీ కలవలేదు.

మొన్న డాక్టరు దగ్గర కాటా ఎక్కితే నలభై తొమ్మిది చూపించింది. “బాగా తగ్గినారు తాతా,” అంది నర్సమ్మ. మా పాత కాటా అయితే నలభై అనేది, ఇంకా అన్యాయం. దిగబోతే కళ్ళు తిరిగాయి. చెవిలో ‘పడిపో’ అని చెప్పి పట్టుకునేవాడు ఇప్పుడు పక్కన లేడు గనక, గోడ పట్టుకుని నెమ్మదిగా దిగాను.