బావ మూడో క్యాసెట్టు మీద పెట్టిన పంచాయితీ

పంతొమ్మిదేళ్ల వయసులో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. టేప్ రికార్డర్ ఉన్న ఇంటిని వీధంతా మర్యాదగా చూసే ఆ కాలంలో, ఇల్లందు బొగ్గుబావుల క్వార్టర్ల మధ్య, రేకుల కప్పున్న మా చిన్న సంఘంలో నేను సండే స్కూల్ టీచర్ని. ఏ పాపం గురించి ఏ అధ్యాయంలో ఉందో అడిగిన వెంటనే చెప్పేవాణ్ణి (అడగకపోయినా చెప్పేవాణ్ణి). దేవుడి మీద నాకున్న ప్రేమ నిజమైనదే. ఇవాళ్టికీ ఆ ప్రేమతోనే నిద్ర లేస్తున్నాను. కాకపోతే ఆ రోజుల్లో, నా సాయం లేకపోతే దేవుడికి గడవదని కూడా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం వెళ్లి వెళ్లి మా బావ నెత్తిన పడింది.

బావ అంటే మా అక్క భర్త. ములకలపల్లి వైపు ఒక అడవి పల్లెలో పుట్టి, గనిలో ఎలక్ట్రీషియన్‌గా కుదిరాడు. పది మాటలకు ఒక మాట బదులు చెప్పే మనిషి. బదిలీ అయి వెళ్తున్న రైల్వే ఉద్యోగి ఎవరో వదిలేసిన ఎలక్ట్రిక్ గిటారును తెచ్చుకుని, పాత రేడియో విప్పి దానికొక ఆంప్లిఫయర్ కట్టుకున్నాడు. ఆదివారం ఆరాధనలో కీర్తనలకు బుద్ధిగా వాయించేవాడు. ఇంట్లో మాత్రం అది వేరే గిటారు. తీగల మధ్య నట్టు దూర్చేవాడు, స్టీలు గ్లాసు తీగల మీద రాసేవాడు, గిటారును ఆంప్లిఫయర్ ముందుకు తెచ్చి అది దానంతటదే మూలిగేదాకా కదలకుండా కూర్చునేవాడు. ఇలా ఒక్కడే వాయించి మూడు క్యాసెట్లు రికార్డు చేశాడు. వాటి పేర్లు ఒకటి, రెండు, మూడు. అట్ట మీద అక్క చేతిరాతతో ‘గిటారు: ఒక్కడే’ అని ఉండేది. మొదటిదాంట్లో ఒక కీర్తన రాగాన్ని ఎంత సాగదీశాడంటే మొదటి చరణం చేరేలోపు ఒక వైపు టేపు అయిపోయేది. రెండోదాంట్లో రేకుల మీద వాన పడుతుంటే గిటారు దానికి జవాబు చెప్పేది. మూడోది అరవై నిమిషాలూ ఒకే శబ్దం. బజారులో కాపీలు తీసే అతను పది కాపీలు తీసి, మొహం చిన్నబుచ్చుకుని తెచ్చిచ్చాడు. “అన్నా, నా మిషన్ ఖరాబైనట్టుంది. నీ పాట రాలే. ఉత్తగ గుయ్యిమంటుంది.”

“గదే తమ్మీ పాట” అన్నాడు బావ.

నేను ఊరుకుంటానా? “గిదేంది బావా? దేవుడిచ్చిన వేళ్లతోని గిట్లాంటి చప్పుడా? గిండ్ల స్తుతి ఏది? మాట ఏది?” అని నిలదీశాను.

“మాటలు అయిపోయినంక మిగిలేదిరా బామ్మర్దీ గిది” అన్నాడాయన.

నాకు అర్థం కాలేదు. నాకు అర్థం కానిదేదైనా సాతానుదే అయి ఉంటుందని అప్పట్లో నాకొక సూత్రం ఉండేది. నేరుగా పాస్టరు అయ్యగారి దగ్గరకు వెళ్లాను. మెత్తటి మనిషి ఆయన. “పోనియ్ రా, ఇంట్ల వాయించుకుంటుండు, మనకేం నష్టం?” అన్నాడు. నేను వదల్లేదు. పులిసిన పిండి కొంచెమైనా ముద్దంతటినీ పులియబెడుతుందన్న బైబిలు వాక్యం గుర్తుచేశాను. నా పోరు పడలేక శనివారం మధ్యాహ్నం పెద్దల్ని మందిరానికి పిలిపించాడు.

ఆ విచారణ తలచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి. స్టూలు మీద టేప్ రికార్డరు, ఒక బెంచీ మీద అయ్యగారు, పక్కన రూళ్లకర్ర తాత (రిటైరైన బడిపంతులు, సంఘంలో అందరికంటే పెద్ద), ఎదుట బెంచీ మీద ముద్దాయిలా బావ. మూలన ఎర్ర పెన్సిలు పట్టుకుని నేను. మూడో క్యాసెట్టు పెట్టారు. ఐదు నిమిషాలు గడిచాయి. “మొదలైందా?” అన్నాడు తాత. “అయింది తాతా” అన్నాడు బావ. మరో ఐదు నిమిషాలకు తాత లేచి, క్యాసెట్టు బయటికి తీసి, నా పెన్సిలుతో టేపు బిగించి, తిరగేసి పెట్టాడు. “ఇటు దిక్కు గూడ గదే ఉందేందిరా!” “అవ్ తాతా. రెండు దిక్కులా గదే.” నేను నా పుస్తకంలో ‘మార్పు లేదు, పశ్చాత్తాపమూ లేదు’ అని రాసుకున్నాను.

అప్పుడే బయట చీపురు చప్పుడు ఆగింది. శనివారాలు మందిరం ఊడ్చేది క్యారేజీల పెద్దమ్మ. ఇంటింటా అన్నం క్యారేజీలు తీసుకుని గని దగ్గరికి మోసేది కాబట్టి ఆ పేరు. ఆవిడ భర్త ఆ గనిలోనే, పని చేస్తూ చేస్తూ, గుండె ఆగి పోయాడు. పెద్దమ్మ చీపురు చేతిలోనే పట్టుకుని లోపలికి వచ్చి, ఎవర్నీ అడక్కుండా స్టూలు ముందు నేల మీద చతికిలబడింది. చాలాసేపు విన్నది. తర్వాత చెంపల మీదుగా నీళ్లు కారసాగాయి.

“ఫ్యాను గిది” అంది. గనికి గాలి ఆడించే పెద్ద ఫ్యాను ఉంటుంది, దాని హోరు. “ఆయన్ని పైకి తెచ్చేదాంక నేను ఫ్యాను కాడనే కూసున్న. మనుషులు ఏమన్నరో యాదికి లేదు. గీ చప్పుడే యాదికుంది. గప్పుడు నాకు ఏడుపు రాలే బిడ్డా. ఇప్పుడొస్తుంది.”

బావ తల ఎత్తలేదు. “ఆ దినం ఫ్యాను కాడ డ్యూటీ నాదే పెద్దమ్మా” అన్నాడు. “నీ పక్కన నిలబడి ఏమన్న చెప్దామనుకున్న. నోరు రాలే.”

“ఇంకొక్కపాలి పెట్టు కొడుకా. మా ఆయన నా పక్కన కూసున్నట్టే ఉంది.”

అయ్యగారు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. తాత కళ్లజోడు తీశాడు. పంచాయితీ అక్కడితో ముగియాల్సింది. కానీ లేఖనం తెలిసినవాణ్ణి కదా, లేచి నిలబడ్డాను. చనిపోయినవాళ్లను పిలిచి విచారించడం దేవునికి హేయమని బైబిలు ధర్మశాస్త్రంలో ఉన్నదనీ, ఈ క్యాసెట్టు సరిగ్గా అదే పని చేస్తున్నదనీ, సాక్షి నోటనే విన్నామనీ చెప్పి, అధ్యాయమూ వచనమూ చదివాను. గొంతు కూడా బాగా పలికింది ఆ రోజు. వాక్యానికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తాత నిట్టూర్చి, “వాక్యముంది గద మరి” అన్నాడు. మూడో క్యాసెట్టు కాపీలన్నీ సంఘానికి అప్పగించాలనీ, బావ ఇక కీర్తనలు తప్ప వాయించకూడదనీ తేలింది.

సాయంత్రం బావ సంచి తెచ్చిచ్చాడు. పది కాపీలతో పాటు అసలుది కూడా అందులోనే పెట్టాడు. వాటి మీద నేను అయ్యగారి ప్రసంగాలు రికార్డు చేసి అడవి పల్లెల్లోని విశ్వాసులకు పంపుతానన్నాను. “మంచిగ చెయ్ రా. టేపు మంచిదే” అన్నాడు, అంతే. గుమ్మం దగ్గర పెద్దమ్మ నిలబడి ఉంది. “చెరిపే ముందు ఒక్కపాలి, బిడ్డా” అని అడిగింది. “ప్రార్థన చేస్కో పెద్దమ్మా, ఆదరణ దొరుకుతది” అని చెప్పి సంచి పట్టుకుని వెళ్లిపోయాను. పదకొండూ నా చేతులతోనే చెరిపాను.

బావ మరి నాలుగో క్యాసెట్టు చెయ్యలేదు. ఆదివారాలు ఆరాధన అయ్యాక అయ్యగారి సామాన్లు సర్ది, నేను అక్కవాళ్లింటికి భోజనానికి వెళ్లేవాణ్ణి. లోపల బావ శుద్ధంగా కీర్తన వాయిస్తూ ఉండేవాడు, ఎదుట పెద్దమ్మ కూర్చుని ఉండేది. మనసు నిండిపోయేది నాకు. దిద్దుబాటు ఎంత గొప్ప ఫలమిస్తుందో చూడండని సంఘం ముందు సాక్ష్యం కూడా చెప్పాను. అందరికంటే గట్టిగా “హల్లెలూయ” అన్నది పెద్దమ్మే. ఏడేళ్లు అలా వచ్చి, ఆవిడ ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది.

బావ పోయింది మొన్నటి చలికాలంలో. సమాధి దగ్గర ప్రార్థన నేనే చేశాను. ఇంటికొచ్చాక అక్క పక్కన కూర్చుని, పెద్దమ్మ సంగతి ఎందుకో గుర్తొచ్చి, పాపం ఆ తల్లికి ఆ రోజు ఒక్కసారైనా వినిపించి ఉండాల్సిందన్నాను. అక్క నా వైపు అదోలా చూసింది.

“ఇనకుండ ఎట్లుంటది రా? ఏడేండ్లు ప్రతి ఐతారం ఇన్నది. మీ బావ సౌండు తగ్గించి వాయిస్తుంటే ఆమె కండ్లు మూసుకొని కూసునేది. ఏడ్సుకునేది, లేచి మొహం కడుక్కునేది. అయ్యగారికి గూడ ఎరుకే, సంఘంల అందరికీ ఎరుకే.”

“మరి నేనొచ్చినప్పుడు కీర్తన...?”

“నేను వాకిట్ల కావలి ఉండేదాన్ని గద.”

సంఘమంతా కలిసి, ఏడేళ్లు, ఒక్క నా నుంచి ఆ సంగీతాన్ని దాచింది. “నాకు చెప్తే ఏమయ్యేదక్కా?”

“నువ్వు మళ్ల వాక్యం తీస్తవని భయపడ్డంరా” అంది అక్క మెల్లగా. “మీ బావైతే నిన్నొక్క మాట అననియ్యలే. ‘పిలగాడు మంచోడే, జర పెద్దగయితే సాలు’ అనేటోడు.”

పెద్దవాణ్ణి అయ్యేసరికి ఆయన లేడు. ఆ శబ్దం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను. నా గొంతే వినిపిస్తుంది, అధ్యాయమూ వచనమూ చదువుతూ. క్షమించమని రోజూ అడుగుతున్నాను. దొరుకుతుందనే నమ్మకమూ ఉంది. అయితే నవ్వొచ్చే సంగతి ఒకటి అక్క చివర్లో చెప్పింది. సండే స్కూల్ టీచర్ వస్తున్నాడని అందరికీ తెలియాలని నేను వీధి మలుపు నుంచే సైకిలు బెల్లు మోగించుకుంటూ వచ్చేవాణ్ణట. ఆ బెల్లు వినే వాకిట్లో అక్క సైగ చేసేదట, బావ రాగం మార్చేవాడట. పంతొమ్మిదేళ్ల ఆ కుర్రవాడి గర్వం వల్ల జరిగిన మేలు, నాకు తెలిసినంతలో, ఆ ఒక్కటే.