పుషప్‌లు తీస్తుంటే పంచాయితీ పెట్టారు

నేను మా ఇంట్లో, మా హాల్లో, చాప మీద బోర్లా పడుకుని నా మానాన నేను పుషప్‌లు తీస్తుంటే, కాలనీ సంఘం అధ్యక్షుడు చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చి మా ఆవిడ చేతిలోని అప్పడాల కర్ర లాక్కున్నాడు. నమ్మబుద్ధి కావడం లేదు కదా? నమ్మాలి. ఎల్.బి.నగర్‌లో నా సంసారం పరువు ఎలా మంటగలిసిందో చెబుతాను, వినండి. నా తప్పు ఆవగింజంతైనా ఉందేమో మీరే చెప్పండి.

దీనికంతటికీ మూలం మెట్రో రైలు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే బట్టల షాపు నుంచి ఇంటికి వస్తుంటే, కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక ముసలామె లేచి నాకు సీటిచ్చింది.

"కూసో బిడ్డా, ఆయాసపడుతున్నవ్."

ఆమెకు డెబ్బై ఏళ్ళుంటాయి. నాకు నలభై కూడా రాలేదు. పెట్టెలో ఉన్నవాళ్ళందరూ ఆమె మంచితనాన్ని మెచ్చుకున్నారే గానీ, నాకు జరిగిన అవమానాన్ని ఒక్కడూ పట్టించుకోలేదు. నేను ఆ సీట్లో కూర్చున్న మాట నిజమే. అది వేరే విషయం.

ఇంటికి రాగానే జిమ్‌లో చేరతానని ప్రకటించాను. మా వీధి చివరి జిమ్ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఆ మెట్లు ఎక్కగలిగేవాడికి జిమ్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

"జిమ్మెందుకండీ? ఇనప గుండ్లెందుకు? మీ బరువు మీకు చాలదా? దాన్నే ఎత్తండి," అంది మా ఆవిడ మాధవి.

మాధవిది గుంటూరు వైపు. మా కాలనీ బళ్ళోనే ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంది. లెక్కల టీచరును పెళ్ళి చేసుకున్నవాడు ఆమె ముందు ఒళ్ళు తగ్గించుకుంటానని నోరు జారకూడదు. మర్నాటి నుంచి మా ఇంట్లో అన్నం కనబడలేదు. పొద్దున మొలకెత్తిన పెసలు, రాత్రికి ఉడకబెట్టిన సొరకాయ. మధ్యలో ఓట్స్ అని ఒకటి పెట్టేది. గోడకు పోస్టర్లు అంటించే మైదా కూడా అంతకంటే రుచిగా ఉంటుందని నా అనుమానం.

ఇక వ్యాయామం. నేను చాప మీద, ఆమె నా నెత్తి మీద. చేతిలో అప్పడాల కర్ర. ఒక్కో లెక్కకు నేల మీద ఒక్కో దెబ్బ.

"లేవండి! ఇంకా ఐదు! లేవకపోతే టిఫిన్ లేదు!"

"అమ్మా... సచ్చిపోతున్న... ఇగ ఇడిసిపెట్టు మాధవీ!"

మా హాలు కింద సరిగ్గా ఇంటి ఓనరు యాదమ్మ వంటిల్లు ఉందన్న సంగతి మీరిప్పుడు గుర్తుపెట్టుకోవాలి. నేను అప్పుడు పెట్టుకోలేదు.

ఒకరోజు మాధవి బడికి వెళ్ళాక, మెట్ల దగ్గర యాదమ్మ నన్ను ఆపింది. మాది నల్లగొండ వైపు, ఆమెదీ అటువైపే కాబట్టి నేనంటే ఆమెకు సొంత కొడుకు మీదున్నంత ప్రేమ.

"బిడ్డా, గిది ఎన్నడి సంది నడుస్తుంది?"

నా వ్యాయామం ఖ్యాతి కింది వాటా దాకా పాకిందే అని ఛాతీ విరుచుకున్నాను. "నెల దాటింది పెద్దమ్మా."

"దినామా?"

"దినాం. ఐతారమైతే ఇంకింత ఎక్కువ."

"అయ్యో నా తండ్రీ! ఒళ్ళు నొస్తలేదా?"

"మొదట్ల నొచ్చింది. ఇప్పుడు అలవాటైంది. నొస్తెనే మంచిదంట."

"ఎవరన్నరు?"

"మాధవే అన్నది."

"మరి నువ్వేమంటలేవా?"

"నేనేమంట పెద్దమ్మా? నా మంచికే గదా. నేనే చెప్పిన, అసలు వదలకు అని."

యాదమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "తిండన్న పెడుతుందా?"

"పొద్దుగాల పెసలు, రాత్రికి సొరకాయ."

ఆమె వెంటనే నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, నాటుకోడి కూర, జొన్న రొట్టె ముందు పెట్టింది. "తిను బిడ్డా. ఆమెకు చెప్పకు, నేను గూడ చెప్ప."

ఒక తల్లి ప్రేమగా పెడితే వద్దనమంటారా? అంత కఠినాత్ముణ్ణి కాను. ఒకనాడు చేపల పులుసు, ఒకనాడు బోటి, ఒకనాడు సర్వపిండి. ఆమె ప్రేమ పెరుగుతూ పోయింది. దాంతోపాటు నేనూ.

"పెసలు తిని లావెక్కే మనిషిని ఎక్కడా చూళ్ళేదండీ," అని మాధవి బరువు మిషన్‌ను తలకిందులు చేసి చూసింది. చూసి, నా పెసల్లో కూడా కోత పెట్టింది. ఇదెక్కడి న్యాయం?

ఆ ఆదివారం నేను చాప మీద పడి "ఒద్దు మాధవీ, నీ కాల్మొక్త!" అని అరుస్తున్నాను. తలుపు భళ్ళున తెరుచుకుంది. ముందు సంఘం అధ్యక్షుడు, వెనక యాదమ్మ, ఆ వెనక గుమ్మం నిండా జనం. అధ్యక్షుడు హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరైనవాడు.

"ముందుగాల గా కట్టె ఇటియ్యమ్మా!"

"అవ్ సార్," అంది యాదమ్మ, "కొట్టుకుంట గూడ లేవండి, పడుకోండి అంటది. గింత మర్యాదగ కొట్టేటామెను నేనెన్నడు చూడలే!"

మాధవి ముఖం పాలిపోయింది. గుమ్మంలో ఆమె విద్యార్థుల తల్లులిద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మర్నాడు ఆమె ఏ ముఖంతో బడికి వెళ్ళాలి?

"సార్, నేను ఎక్సర్‌సైజ్ చేస్తున్న," అన్నాను.

అధ్యక్షుడు నా పొట్ట వైపు చాలాసేపు చూశాడు. "గీ పొట్టతోనా? భయపడకు తమ్మీ. మేమున్నం. నిజం చెప్పు."

"ఒక్కటి తీసి చూపించండి," అంది మాధవి. నాకు గుండె తరుక్కుపోయింది. నా భార్య పరువు నా చేతుల్లో ఉంది, సరిగ్గా చెప్పాలంటే నా మోచేతుల్లో. దేవుణ్ణి తలుచుకుని కిందికి దిగాను. దిగడం బ్రహ్మాండంగా దిగాను. పైకి రాలేదు.

"సూసిండ్రా? లేస్తనే లేడు. ఎంతగనం కొట్టిందో!" అన్నాడు అధ్యక్షుడు.

అప్పుడు మాధవి చున్నీ నడుముకు బిగించి, నా పక్కనే చాప మీద చేతులు ఆనించింది. కుట్టుమిషన్ సూది ఆడినట్టు గబగబా పైకీ కిందికీ పుషప్‌లు తీసింది. ఊపిరి కూడా మారలేదు.

"ఈయనకి చూపించీ చూపించీ నాకొచ్చేసిందండీ. ఈయనకే రాలేదు."

అధ్యక్షుడు అప్పడాల కర్రను రెండు చేతులతో ఆమెకు తిరిగిచ్చి, అప్పటికి చెప్పులు విప్పాడు. అంతటితో అయిపోయేది. కానీ యాదమ్మకు ఇంకా అనుమానం తీరలేదు.

"మరి తిండెందుకు పెడ్తలేవమ్మా? నేను దినాం కోడికూర, చేపల పులుసు పెట్టకుంటే గీ పిలగాడు ఏమైతుండె?"

మాధవి మెల్లగా నా వైపు తిరిగింది.

"చేపల పులుసాండీ?"

నన్ను కాపాడటానికి వచ్చిన జనమంతా చెప్పులు వెతుక్కున్నారు. పోతూ పోతూ తలుపు కూడా దగ్గరికి వేసి వెళ్ళారు.

ఆ పూట మాధవి నాచేత గుంజీలు తీయించింది. ఈసారి నా కేకలు నిఖార్సైనవి. "పెద్దమ్మా! కాపాడు!" అని నేల అదిరేలా అరిచాను. కింద వంటింట్లోంచి యాదమ్మ గొంతు ఖంగున వినబడింది.

"ఇంకో ఇరవై తీయించు బిడ్డా! నా కోళ్ళు ఒడిశినయి, ఒక్కటి గూడ మిగల్లే!"

కాబట్టి సభాముఖంగా, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై వ్యాయామం చేసేటప్పుడు నా నోట మూలుగన్నది రాదు. ఒకవేళ ప్రాణమే పోవాల్సి వస్తే, తలుపులు బార్లా తెరిపించి, కాలనీ అంతా చూస్తుండగా, చిరునవ్వుతోనే పోతాను.