నూటనలభై ఆరుసార్లు లేచి కూర్చున్న మనిషి

డాక్టరుగారు లేచేవారు. కోటు పై బొత్తాం పెట్టుకునేవారు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, సందర్శకుల గ్యాలరీని ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి చూసేవారు. సభంతా చెవులు రిక్కించేది. అప్పుడు, "అధ్యక్షా, నా ప్రశ్నను ఉపసంహరించుకుంటున్నాను" అని కూర్చుని బొత్తాం విప్పుకునేవారు.

పదకొండేళ్లుగా ఇదే వరస.

అది ఎగువ సభ. ఎన్నికలు లేవు, ఓట్లు లేవు. పెద్దమనుషులను ప్రభుత్వమే ఏరి కూర్చోబెడుతుంది. ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా చేసినందుకు ఈయన్ని కూడా కూర్చోబెట్టింది. ఎన్ని ప్రశ్నలడిగినా రోగి జవాబు చెప్పని వృత్తి కదా, అందుకే అడగడం మానేశారని సభలో ఒక హాస్యం.

ఆ హాస్యాలన్నీ వినాల్సిన దురదృష్టవంతుడు అల్లుడు. అధ్యక్షుల వేదిక కింద బల్ల దగ్గర కూర్చుని, సభలో పలికిన ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకోవడం అతని ఉద్యోగం. పెళ్లికి ముందు నుంచీ ఉన్న ఉద్యోగం. మామగారు తరవాత వచ్చిపడ్డారు. ఆయన లేచినప్పుడల్లా అల్లుడి చెవులు ఎర్రబడేవి. ఆయన కూర్చునేలోగా "సభ్యులు ఉపసంహరించుకున్నారు" అన్న ముక్క రాసేసి, పెన్సిల్ చెక్కుకుంటూ తల దించుకునేవాడు.

"ఏమోయ్, మీ మామగారి ప్రసంగం పూర్తిగా రాసుకున్నావా? ఎన్ని పేజీలొచ్చింది?" అనేవాడు పక్క కుర్చీలో అదే పని చేసే రిపోర్టరు.

ఇంట్లోనూ అంతే. భోజనాల దగ్గర ఆయన చొక్కా బొత్తాం సర్దుకుని, "కూరలో ఉప్పు గురించి నాదొక ప్రశ్న" అనేవారు. అత్తగారు ఉప్పుడబ్బా తెచ్చి ఎదురుగా పెట్టేది. "ఉపసంహరించుకుంటున్నాను" అని ఆయన తినడం మొదలుపెట్టేవారు. పెళ్లిమాటలకు వెళ్లిన రోజున కూడా, "అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగాలి" అని లేచి నిలబడ్డారు. ఆయన కళ్లజోడు తుడుచుకునేలోపే అల్లుడు చెమటలు కక్కుతూ, తాను సిగరెట్లు కాలుస్తాననీ, షార్ట్‌హ్యాండ్ పరీక్ష రెండుసార్లు తప్పాననీ చెప్పేశాడు. ఆయన వెంటనే ఉపసంహరించుకున్నారు. అసలు ప్రశ్న ఏమిటో ఇప్పటికీ తెలియదు.

"మాట్లాడేవాళ్లకి గొంతు అరుగుతుంది. ఈయనకి బొత్తాం అరుగుతుంది" అనేది అత్తగారు. నెలకోసారి దాన్ని మళ్లీ కుట్టడం ఆవిడ పని.

ఒకరోజు సభ క్యాంటీన్‌లో నలుగురు తోటి రిపోర్టర్లు కలిసి అల్లుణ్ని పట్టుకున్నారు. ఆయన లేచిన తీరును ఒకడు నటించి చూపించాడు. అందరూ విరగబడి నవ్వారు. అల్లుడికి తల కొట్టేసినట్లయింది. వాళ్లకంటే ముందు తనే నవ్వేస్తే బాధ తగ్గుతుందనుకున్నాడు.

"మీకు సరిగ్గా తెలీదు. నేను లెక్క తీశాను. పదకొండేళ్లలో నూటనలభై ఆరుసార్లు లేచాడు. అడిగిన ప్రశ్నలు సున్నా. ఆ కోటుకి జీతమిచ్చినా సరిపోయేది" అన్నాడు.

పక్క బల్ల దగ్గర ఒక విలేకరి టీ తాగుతున్నాడు.

మర్నాడు పత్రికలో లెక్క వచ్చింది, సున్నాతో సహా. కోటు మాట కూడా వచ్చింది. 'సభ సిబ్బందిలో ఒకరు' చెప్పారని రాశారు. సభ్యులు మండిపడ్డారు. ఇది సభ హక్కులకు భంగమనీ, డాక్టరుగారు నోటీసు ఇస్తే విచారణ జరిపించి ఆ సిబ్బంది ఎవరో తేల్చి ఇంటికి పంపిస్తాననీ అధ్యక్షులు ప్రకటించారు. డాక్టరుగారు నోటీసు ఇచ్చారు.

ఉద్యోగం పోతుందన్న భయం అల్లుడికి ఉంది. అంతకన్నా తను అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంటోంది. 'లేచాడు' అన్నాడు తను. 'లేచారు' అని కూడా అనలేదు.

విచారణ సంగతి సభ ముందుకు రావడానికి ముందురోజు సాయంత్రం మామగారింటికి వెళ్లాడు. అత్తగారు కోటు ఒళ్లో పెట్టుకుని బొత్తాం కుడుతోంది.

"రా బాబూ. రేపు రెండుసార్లు లేవాలట. దారం నాలుగు పేటలు వేస్తున్నా" అంది.

డాక్టరుగారు ఆస్పత్రి నర్సుతో ఫోన్లో ఉన్నారు. చెవి కాస్త మందం కాబట్టి అవతలి మాట కూడా గదంతా వినిపిస్తోంది.

"ఆస్పత్రి లిఫ్టు పైకి వెళ్లిందామ్మా?"

"వెళ్లింది సార్. నాలుగో అంతస్తు దాకా."

"పైకి సరే. కిందికి వచ్చిందా?"

"అందులోనే వచ్చాను సార్, పేషెంటుతో సహా."

"అయితే రేపు అడగనులే."

"అయ్యో, అడగండి సార్! ఆ ఇంజినీరు ఆరు నెలలు తిప్పించుకున్నాడు. మీ నోటీసు వెళ్లిన మూడో రోజుకి పరిగెత్తుకొచ్చాడు. సభలో కడిగెయ్యండి!"

"బాగు చేశాడుగా. ఇంకా కడగడం దేనికమ్మా?"

ఫోన్ పెట్టేసి ఆయన ఒక నోటుపుస్తకంలో టిక్కు పెట్టారు. అల్లుడు తొంగి చూశాడు. పేజీ నిండా టిక్కులు. బడి కప్పు. వంతెన దీపాలు. పశువుల ఆస్పత్రికి మందులు.

ప్రశ్న అడగాలంటే పదిరోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అది శాఖకు వెళ్తుంది. మంత్రి సభలో జవాబు చెప్పాలి కాబట్టి శాఖ కదులుతుంది. ఇదంతా అల్లుడికి నిద్రలో కూడా తెలుసు. రోజూ రాసేది అదే. ఉపసంహరించుకున్న ప్రశ్న పాఠం మాత్రం రికార్డులోకి ఎక్కదు. అందుకే అందులో ఏముందో అతను ఒక్కసారీ చదవలేదు.

"మామయ్యగారూ, అంటే ఆ నూటనలభై ఆరూ..."

"నూటనలభై మూడు" అన్నారాయన. "అడిగేస్తే జవాబు చెప్పి చేతులు దులుపుకుంటారు బాబూ. అడుగుతానంటే చేస్తారు."

"మరి ఆ మూడూ?"

డాక్టరుగారు చొక్కా బొత్తాం తిప్పుతూ కిటికీ వైపు చూశారు.

"ఆ మూడు పనులూ కాలేదు. అడగాల్సిందే. లేచాను... అలవాటులో ఉపసంహరించేసుకున్నాను. మళ్లీ నోటీసు ఇచ్చానులే."

"నాతో కూడా చెప్పలేదు, ఈ మనిషి!" అంది అత్తగారు దారం కొరుకుతూ.

అల్లుడికి నవ్వు రావాలి. రాలేదు.

"మామయ్యగారూ, పత్రికకెక్కిన ఆ లెక్క నాదే. క్యాంటీన్‌లో నేనే అన్నాను. అందరూ మిమ్మల్ని చూసి నవ్వుతుంటే, మీ అల్లుణ్నని నాకు సిగ్గేసింది. ఆ కోటు మాట కూడా నాదే."

సూది ఆగింది. డాక్టరుగారు కళ్లజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు.

"ఊఁ" అన్నారు. "భోంచేసి వెళ్లు."

"రేపు సభలో..."

"రేపటి సంగతి రేపు. ఇదిగో, అబ్బాయికి కంచం పెట్టు."

మర్నాడు ఉదయం సభ కిటకిటలాడింది. లిఫ్టు ప్రశ్న రానూ వచ్చింది, పోనూ పోయింది. తరవాత అధ్యక్షులు హక్కుల నోటీసు పిలిచారు. అల్లుడి పెన్సిల్ ముల్లు కాగితం మీద విరిగింది. ఇంకోటి తీసుకున్నాడు.

డాక్టరుగారు లేచారు. బొత్తాం పెట్టుకున్నారు. కళ్లజోడు తుడుచుకున్నారు. ఈసారి గ్యాలరీ వైపు చూడలేదు. వేదిక కింద బల్ల వైపు చూశారు.

"అధ్యక్షా, నా నోటీసును ఉపసంహరించుకుంటున్నాను."

సభ గొల్లుమంది. అధ్యక్షులు తల పట్టుకున్నారు.

"డాక్టరుగారూ, ఈ ఒక్కసారికైనా కారణం సెలవివ్వండి!"

పదకొండేళ్లలో ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు.

"నోటీసు ఇచ్చిన పని అయిపోయింది అధ్యక్షా. నిన్న సాయంత్రమే."

అంతలో నాలుగు పేటల దారమూ తెగింది. బొత్తాం ఎగిరి నేలమీద పడి, దొర్లుకుంటూ వచ్చి రిపోర్టర్ల బల్ల కింద ఆగింది. అల్లుడు రాస్తూనే దాని మీద జాగ్రత్తగా కాలు పెట్టాడు.

డాక్టరుగారు కూర్చుని, లేని బొత్తాన్ని విప్పుకున్నారు.