ఎదురింటి తాళంచెవి

తాళాల మేస్త్రీకి అనుమానం వృత్తివల్ల పట్టిన జబ్బని వీధిలో అనుకునేవారు. అదేం కాదు. అనుమానం ఆయన పుట్టుకతో తెచ్చుకున్నదే, వృత్తి దాన్ని జీతమిచ్చి పోషించిందంతే. మెట్ల కింద అగ్గిపెట్టెంత కొట్టు, అందులో ఒక మిషను, నాలుగు ఆకురాళ్ళు. ఇంటి తలుపుకి మాత్రం మూడు తాళాలు. భార్యకి ఏడో నెల. మొదటి బిడ్డ దక్కలేదు కాబట్టి ఈసారి ఆమె మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. "ఎవరు పిలిచినా తలుపు తియ్యకు" అని పొద్దున్నే చెప్పి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ చెప్పేవాడు.

ఆయన కళ్ళన్నీ ఎదురింటి మీదే. ఆ గుమ్మం పైన చెక్క శిలువ ఉంటుంది. లోపల ఒంటరిగా ఉండే ముసలావిడని అందరూ పెద్దమ్మ అంటారు. ఒంటరి అన్నది పేరుకే. ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చిందంటే ఆ ఇల్లు సంతే. ఊరికి కొత్తగా వచ్చిన కూలీలు, మొగుడు వెళ్ళగొట్టిన ఆడమనిషి, జైలు నుంచి వచ్చి వ్యాను తోలుకుంటున్నవాడు, అందరికీ ఒకటే బల్ల, ఒకటే కూర.

"ఊరికే ఎవరు పెడతారే? ఎర లేకుండా గాలం వేసినవాణ్ణి ఎక్కడైనా చూశావా?" అన్నాడు మేస్త్రీ కిటికీ సందులోంచి చూస్తూ.

"ఆవిడకి పెట్టడం ఇష్టమేమోనండీ" అంది భార్య.

"ఇష్టం! ఇవాళ కూర పెడుతుంది, రేపు పాట నేర్పుతుంది, ఎల్లుండి నిన్ను తన మతంలో కలిపేసుకుంటుంది. ఆవిడ పంపిన కూర గిన్నె ఉందే, అది బయట పారబోసి ఇచ్చెయ్."

సాయంత్రానికి గిన్నె కడిగి బోర్లించి ఉంది. పారబోసిన కూర తాలూకు వాసన ఇంట్లో ఎందుకుందో, భార్య ముఖం ఎందుకు తేటపడిందో, అన్నిటినీ అనుమానించే ఆ మనిషికి తట్టనే లేదు.

ఇది చాలదన్నట్టు పెద్దమ్మ కొట్టుకే రావడం మొదలుపెట్టింది. తన వీధి తలుపు తాళంచెవి ఇచ్చి, ఇలాంటిదే ఇంకొకటి చెయ్యమంటుంది. వారం తిరక్కుండా మళ్ళీ ఇంకొకటి.

"ఒక్క తలుపుకి ఇన్ని ఎందుకు పెద్దమ్మా? ఎవరికిస్తున్నారు?" అని మిషను మీంచి తల ఎత్తకుండానే అడిగాడు. జవాబు లేదు. ఇంకోసారి అడిగి తల ఎత్తి చూస్తే ఆవిడ నవ్వుతోంది. అడిగినదానికి బదులు చెప్పకుండా నవ్వేవాళ్ళని నమ్మకూడదన్నది మేస్త్రీ సిద్ధాంతం. ఏం దాస్తోంది ఆ ఇంట్లో? లేకపోతే ఆ జైలువాడే మాయమాటలు చెప్పి ఇల్లు ఊడ్చేసే ఎత్తులో ఉన్నాడా?

చివరిసారి వచ్చినప్పుడు మాత్రం ఆవిడే నోరు విప్పింది. "ఇది కాస్త జాగ్రత్తగా చెయ్యి నాయనా. పాపం, ఊళ్ళో ఎవరూ లేని పిల్లకి."

ఎవరూ లేని పిల్లట! మేస్త్రీకి ఒళ్ళు మండింది. కొంపలు ముంచేవాళ్ళంతా ఎవరూ లేనివాళ్ళమనే వస్తారు. తాళంచెవి పళ్ళలో ఒకదాన్ని ఆకురాయితో రాయవలసినంత రాయకుండా వెంట్రుకవాసి ఎత్తుగా వదిలేశాడు. తాళంలో దూరుతుంది, తిరగదు. ముసలిదాన్ని దొంగల నుంచి కాపాడానన్న తృప్తితో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం భోజనానికి వస్తూ వీధి మలుపులో నిలబడిపోయాడు. తన ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. భార్య ఎదురింటి గుమ్మంలో కూలబడి, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో తలుపు బాదుతోంది.

"నొప్పులండీ... తాళంచెవి తిరగడం లేదు."

"అది నీకెక్కడిది?" ఆయన నోటికి ముందు అనుమానమే వచ్చింది.

"పెద్దమ్మే నిన్న ఇచ్చింది. మీరు వెళ్ళాక రోజూ ఇక్కడికే వస్తున్నా, ఆ వేళకి ఆవిడే తలుపు తీసి ఉంచేది. ఆవిడకి చెవులు వినపడవండీ. మన పెదాలు చూసి కనిపెడుతుంది. తలుపు కొట్టినవాళ్ళు వెనక్కి పోతున్నారని అందరికీ తాళంచెవులు చేయించి ఇస్తోంది."

మేస్త్రీకి అప్పుడు తెలిసొచ్చింది. ఊళ్ళో ఎవరూ లేని పిల్ల తన ఇంట్లోనే, తను వేయించిన మూడు తాళాల వెనకే ఉంది. జేబులోంచి చిన్న ఆకురాయి తీశాడు. తాళంచెవి లాగి, తను ఎత్తుగా వదిలేసిన పన్నుని అక్కడే రాశాడు. తాళం తిరిగింది.

పెద్దమ్మ వంటగదిలో అటు తిరిగి ఉల్లిపాయలు తరుగుతోంది. భుజం మీద చెయ్యి పడ్డాకే తిరిగి చూసింది. కత్తి అక్కడే పడేసి వీధి చివరికి పరుగెత్తి వ్యానువాణ్ణి లేపుకొచ్చింది. వ్యానులో మేస్త్రీ భార్య తల ఒళ్ళో పెట్టుకుని, "మా ప్రభువుని అడుగుతానమ్మా, అడగనా?" అంది. భార్య తల ఊపింది. మేస్త్రీ కాదనలేదు.

ఆడపిల్ల. నెలలు నిండకపోయినా బతికింది. "ఇంకాస్త ముందు తీసుకురాలేకపోయారా?" అని డాక్టరమ్మ కోప్పడితే మేస్త్రీ నేల చూశాడు.

"తన ప్రభువు సంగతి నీతో ఎప్పుడూ ఎత్తలేదా ఆవిడ?" అని తర్వాత భార్యని అడిగాడు, పాతవాసన పోక.

"ఎత్తకేం? ఆయన పెట్టమన్నాడు, పెడుతున్నా అంటుంది. నన్నూ ఆయన్ని నమ్మమని మాత్రం అడగలేదు."

తల్లీబిడ్డా ఇల్లు చేరాక, ఆదివారం జనం రాకముందే మేస్త్రీ ఎదురింటికి వెళ్ళాడు. పెద్దమ్మ బల్ల తుడుస్తోంది. ఆయన తల దించుకుని నిలబడ్డాడు. "ఆ తాళంచెవి నేనే చెడగొట్టాను పెద్దమ్మా. కావాలనే చెడగొట్టాను" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

తల ఎత్తి చూస్తే ఆవిడ నవ్వుతోంది, కొట్టులో నవ్విన నవ్వే. తల దించుకుని చెప్పిన మాట ఆవిడకి ఎలా చేరుతుంది? ఈసారి ముఖంలోకి చూస్తూ చెప్పాలని నోరు తెరిచాడు. ఈలోగా ఆవిడ కుర్చీ లాగి, కంచం పెట్టి, కూర వడ్డించేసింది.

"అయిందేదో అయింది, ముందు తిను నాయనా" అంది.

తిన్నాడు. ఆ మాట తెలిసే అందో, తెలియక అందో, మేస్త్రీకి ఆ ఒక్క అనుమానం ఈనాటికీ తీరలేదు.