ఫారం కోసం వేసిన మంచం

ఆ ఏడాదిని ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒకే ఒక్క పొడుగాటి మధ్యాహ్నంలా కనిపిస్తుంది. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతూ ఉంటుంది. కిటికీ తెర పొంగి మళ్లీ అణుగుతుంది. ఏలూరులో మా ఇంటి ముందుగదిలో, గోడవారగా, తెల్ల దుప్పటి పరిచిన ఇనప మంచం ఒకటి ఉంటుంది. దాని మీద రోగి అంటూ ఎవరూ ఉండరు. అది రోగి కోసం వేసిన మంచం కాదు, ఫారం కోసం వేసిన మంచం.

ఇరవై ఆరేళ్లు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, పైవాళ్లతో మాటా మాటా వచ్చి ఉద్యోగం మానేశాను. నా నోరు మంచిది కాదని మా చర్చిలో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. ఊరికే కూర్చోలేక, ఇళ్లలో మంచాన పడ్డవాళ్ల దగ్గరికి మనుషుల్ని పంపే పని మొదలుపెట్టాను. ముగ్గురు అమ్మాయిలు నర్సింగు చదివి సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాళ్లు. నాలుగో మనిషి కొల్లేటి లంకలో పుట్టిన ఒక అక్క. నాకంటే ఆరేడేళ్లు పెద్దది. భర్త పోయాక చేపల చెరువు గట్టు మీద పాక వేసుకుని కాపలా ఉండేది. కొల్లేట్లో గవర్నమెంటువాళ్లు చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆ గట్టుతోపాటు ఆ పనీ పోయింది.

"చదువు లేదండీ. మా ఆయన మూడేళ్లు మంచంలో ఉన్నాడండీ. ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదండీ," అంది, గుమ్మం బయటే నిలబడి.

నేను నమ్మలేదు. మూడేళ్లు మంచంలో ఉన్న మనిషికి పుండు పడకుండా ఉండటమా! మా పెద్ద పెద్ద వార్డుల్లోనే కుదరలేదు. సరే చూద్దామని పక్క వీధిలో మేం చూస్తున్న ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్లి, పక్కకి తిప్పమన్నాను. రెండు చేతులూ ఆయన నడుము కిందికి పోనిచ్చి ఊరికే ఆగింది. ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. ఆయన ఊపిరి ఒకసారి తీసి వదిలాడు. వదిలేసరికి పక్కకి తిరిగి ఉన్నాడు. అబ్బా అన్న మాట కూడా లేదు.

"ఎక్కడ నేర్చుకున్నావక్కా ఇది?"

"నేర్చుకోటం ఏముందండీ, దోనెలో తిరిగినోళ్లం. దోనెలో మనం ముందు కదలకూడదండీ. ఎదుటి మనిషి బరువు ఎటు పోతందో చూసుకుని, దాని ఎనకాల మనం పోవాలండీ. లేదంటే ఇద్దరం నీళ్లలోనేనండీ."

నాకు కొంచెం ఒళ్లు మండింది, అబద్ధం ఎందుకు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

ఆమెను తాడేపల్లిగూడెం పంపాను. అక్కడ బియ్యం వ్యాపారం చేసే ఇంట్లో పెద్దావిడకు పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. మాట కూడా ముద్దముద్దగా, ఒకటీ అరా వచ్చేది. ఉల్లిపాయ కూడా గడప దాటని ఇల్లు అది. చేపలు పట్టిన చేతులు కదా అని మొదట్లో మంచినీళ్ల గ్లాసు కూడా ముట్టనివ్వలేదు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. వీళ్లకు ఆరు వారాలే పట్టింది. ఆ తర్వాత పెద్దావిడ ఆ చేత్తో పెడితే తప్ప అన్నం ముద్ద నోట్లోకి రానిచ్చేది కాదు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా కిటికీలోంచి వచ్చే ఎండ గోడ మీద జరగడం చూస్తూ ఉండేవాళ్లు. నేనూ కాసేపు కూర్చునేదాన్ని. తిరుగు పాసింజరు రైల్లో ఏలూరు దాకా నిద్ర వచ్చేది.

అలా ఉండగా రూలు వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రులన్నీ రిజిస్ట్రేషను చేయించుకోవాలి. ఇళ్లకు మనుషుల్ని పంపే మాలాంటివాళ్లకు వేరే ఫారం లేదు. ఆసుపత్రి ఫారమే మాకూ ఇచ్చారు. నింపి తీసుకెళ్తే ఆఫీసులో గుమస్తాగారు ఒక చోట వేలు పెట్టి ఆగారు.

"పడకలు ఎన్నో రాయలేదేంటండీ?"

"మాకు పడకలు ఉండవండీ. మేమే రోగుల ఇళ్లకు వెళ్తాం."

"సున్నా అని రాస్తే ఫైలు ఎలా కదుల్తుందండీ?"

"మంచం వాళ్ల ఇంట్లో ఉంటుంది కదండీ బాబూ!"

"అది వాళ్ల మంచమండీ. మీ మంచం ఏదండీ?"

అంత మెత్తగా అడిగే మనిషి మీద ఎలా అరుస్తాను? నోరు మూసుకుని వచ్చి, పాత సామాన్ల కొట్లో ఇనప మంచం కొని, రంగు వేయించి, ముందుగదిలో వేశాను. ఒకటి అని రాశాను. మర్నాటి నుంచీ అందరికీ దాని మీదే కన్ను. డ్యూటీ దిగి వచ్చిన అమ్మాయి ఒక గంట, నేనొక గంట. ఆ మంచం మీద పట్టిన నిద్ర నాకు మళ్లీ ఎక్కడా పట్టలేదు. కళ్లు మూసుకుంటే రిక్షా బెల్లులూ, పక్కింటి రేడియో, ఎక్కడో బట్టలు ఉతుకుతున్న చప్పుడూ అన్నీ నీళ్ల అడుగు నుంచి వినిపించేవి.

రెండో మెలిక మనుషుల లిస్టు దగ్గర పడింది. ప్రతి పేరు పక్కనా సర్టిఫికెట్టు నెంబరు వెయ్యాలి. "నెంబరు లేని మనిషి ఒక్కరున్నా ఫైలు మొత్తం వెనక్కొస్తుందండీ," అన్నారు గుమస్తాగారు.

ఈ నెంబరు సంగతి అక్కకు తెలియదు. రిజిస్ట్రేషను అనగానే ఎవరి దగ్గరో జరీ చీర అడిగి కట్టుకుని స్టూడియోకి వెళ్లి ఫొటోలు దిగి వచ్చింది. కవరు నా చేతికిచ్చి, "గవర్నమెంటు కాగితంలో నా పేరు ఎక్కుద్దాండీ? మా మనవరాలితో చెప్పేశానండీ," అంది. ఆ ముఖం చూసి కాదని చెప్పలేకపోయాను. నోరున్నదాన్నే, అవసరమైనప్పుడు నోరు పెగల్లేదు. తర్వాత రెండుసార్లు అడిగింది, "నా పేరు రాశారాండీ?" అని. "రాశాలే అక్కా," అన్నాను. ఆమె పేరు కొట్టేసి ముగ్గురి పేర్లతో లిస్టు ఇచ్చి అప్పటికే వారమైంది. ఫొటోల కవరు నా బల్ల సొరుగులో ఉంది.

ఇన్స్పెక్షన్ ఒక బుధవారం పొద్దున్న అన్నారు. ముగ్గురు అమ్మాయిలూ తెల్ల చీరలు గంజి పెట్టి కట్టుకుని కూర్చున్నారు. పన్నెండయినా ఎవరూ రాలేదు. ఇంక రేపేలే అనుకుని భోజనాలు చేశాం. అప్పుడు అక్క దిగింది. పెద్దావిడకు రాత్రంతా నలతగా ఉందట, ఇప్పుడు తగ్గిందట, వాళ్లబ్బాయి ఒక పూట విశ్రాంతి తీసుకోమని పంపించాడట. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పడుకో అక్కా, ఖాళీగానే ఉంది," అని మంచం చూపించాను. దుప్పటి మెడ దాకా లాక్కుని క్షణంలో నిద్రపోయింది. ఆ నిద్ర చూస్తే మాకూ ఆవులింతలొచ్చాయి.

మూడు గంటలకు గుమ్మం ముందు జీపు ఆగింది. ఇన్స్పెక్షన్ ఆఫీసరు నెమ్మదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, మంచం చూసి, మంచం మీద మనిషిని చూసి, "ఎవరండీ ఈవిడ?" అన్నారు.

మా మనిషేనండీ అంటే లిస్టులో ఏ పేరు అని అడుగుతారు.

"పేషెంటండీ," అన్నాను.

"ఏంటి జబ్బు?"

"పక్షవాతమండీ."

అప్పటికే ఆమెకు మెలకువ వచ్చింది. అది నాకు తెలుసు, నిద్రపోయే మనిషి ఊపిరి వేరు. కళ్లు తెరవలేదు. దుప్పటి కింద నుంచి కుడి చెయ్యి మెల్లగా జారి మంచం పక్కన వేలాడింది. ఆఫీసరుగారు ఆ చెయ్యి ఎత్తి వదిలారు. ప్రాణం లేనట్టు పడింది. పెద్దావిడ చెయ్యి నెలల తరబడి ఎత్తి దించిన మనిషి, ఎలా పడాలో ఆమెకు తెలియదా! నన్ను కాపాడుతోంది. నేను అలా నిలబడి చూస్తున్నాను.

"ఒకసారి తిప్పండమ్మా, వీపు చూద్దాం," అన్నారాయన. మా అమ్మాయిలు ఇద్దరు ముందుకొచ్చి, పుస్తకంలో ఉన్నట్టు ఒకరు భుజం, ఒకరు తుంటి పట్టుకుని, ఒకటీ రెండూ మూడూ అని లాగారు. ఆమె నుదురు ముడిపడింది. ఆయన చూసి, "పుండ్లు లేవు. బాగా చూసుకుంటున్నారండీ," అని మెచ్చుకున్నారు. తర్వాత లిస్టు తీసి పైకి చదివారు. మొదటి పేరు, ఉన్నానండీ. రెండో పేరు, ఉన్నానండీ. మూడో పేరు, ఉన్నానండీ. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. మంచం మీద మూసిన కళ్ల రెప్పలు ఒక్కసారి కదిలాయి. నేను తప్ప ఎవరూ చూడలేదు.

జీపు వెళ్లాక ఆమె లేచి, దుప్పటి మడత పెట్టి, తలగడ మీద ఉంచింది. "అక్కా," అన్నాను. "బస్సుకి టైమైందండీ," అంది. అది తాడేపల్లిగూడెం బస్సు అనుకున్నాను. కాదు, లంక వైపు బస్సు.

రిజిస్ట్రేషను వచ్చింది. పడకలు ఒకటి, సిబ్బంది ముగ్గురు. అద్దం కట్టించి గోడకు తగిలించాను. తాడేపల్లిగూడెం నుంచి మాత్రం రోజూ ఫోను. "అమ్మ ముద్ద మింగట్లేదండీ. తిప్పబోతే మూలుగుతోందండీ. ఆవిణ్ణే పంపండి," అని వాళ్లబ్బాయి బతిమాలేవాడు. సర్టిఫికెట్టున్న అమ్మాయిల్ని మార్చి మార్చి పంపాను. నెల తిరిగేసరికి పెద్దావిడ నడుము దగ్గర చర్మం ఎర్రబడింది. ఆ ఎరుపు తర్వాత ఏం వస్తుందో నర్సుకి ఒకరు చెప్పాలా?

ఫొటోల కవరు పట్టుకుని లంకకు వెళ్లాను. ముందే కబురు పెట్టాను కాబట్టి, రోడ్డు అయిపోయిన చోటికి ఆమే దోనె తెచ్చింది. నీళ్లలో మనిషెత్తు పెరిగిన కిక్కిస గడ్డి మధ్య సన్నటి దారి. గుర్రపుడెక్క పక్కకి జరిగి మళ్లీ మా వెనక మూసుకునేది. దూరంగా గూడబాతులు నీళ్ల మీద కదలకుండా కూర్చున్నాయి. దోనెను తోసే గెడ నీళ్లలో దిగే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"తప్పు చేశానక్కా. క్షమించు."

"మీరు మాత్రం ఏం చేత్తారండీ," అంది, గెడ ఆపకుండా. "మూడు పేర్లూ చదివేరు. నాలుగోది నాదే అనుకున్నానండీ. ఆయన కాగితం మడిచేదాకా అనుకుంటానే ఉన్నానండీ."

నాకు ఏడుపొచ్చింది. నోరున్నవాళ్లకి ఏడుపు త్వరగా రాదు, వస్తే ఆగదు. ఆమె చూడనట్టు నీళ్లకేసి చూసింది. తిరిగి రమ్మని అడిగాను. రాలేనంది. "మీ కాగితంలో నేను రోగినండీ. రోగిని పనికి పంపితే మీకు మాటొత్తాది. పేరు లేని చోటుకి నేనెట్టా వత్తానండీ?" ఇంకో గెడ వేసి, "పెద్దమ్మగారికి పుండు పడిందాండీ?" అని అడిగింది.

"ఇంకా లేదు. పడుతుంది."

దోనె ఆపేసింది. "పడుకోండి సిస్టరుగారూ," అంది.

దోనె అడుగున వెల్లకిలా పడుకున్నాను. వీపు కింద చెక్క, చెక్క కింద నీళ్లు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆమె రెండు చేతులూ నా నడుము కిందికి వచ్చి ఆగాయి. నేను ఎదురుచూశాను. ఎదురుచూడడం మరిచిపోయి ఊపిరి వదిలిన క్షణంలో నేను పక్కకి తిరిగి ఉన్నాను. దోనె కదల్లేదు. ఎంతమందిని తిప్పానో లెక్కలేదు, నన్ను ఒకరు తిప్పడం అదే మొదలు. ఆ తర్వాత నన్ను లేపి తను పడుకుని, తిప్పమంది. మొదటిసారి దోనె ఊగిపోయింది. "తొందరండీ మీకు," అని నవ్వింది. పొద్దు వాలేదాకా తిప్పించింది. నీళ్లు కదలకుండా తిప్పగలిగాక, "ఇప్పుడు ఎల్లండి," అంది. నేనిచ్చిన కవర్లోంచి ఒక ఫొటో తీసి కొంగున ముడేసుకుని, మిగతావి నాకే తిరిగిచ్చింది.

మర్నాడు పొద్దున్నే తాడేపల్లిగూడెం వెళ్లాను. పెద్దావిడ కళ్లు మూసుకుని ఉంది. మాట్లాడకుండా మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ నడుము కిందికి పోనిచ్చి ఆగాను. ఊపిరి వదిలింది. తిప్పాను. మూలుగు లేదు.

"వచ్చావా," అంది, కళ్లు తెరవకుండానే. నెల రోజుల తర్వాత ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అని వాళ్లబ్బాయి గుమ్మంలో కళ్లు తుడుచుకున్నాడు.

ఆఁ అంటే సరిపోయేది. ముద్ద కూడా తినేది.

"ఆవిడ కాదు మామ్మగారూ, నేను. ఆవిడ నేర్పింది," అన్నాను.

కళ్లు తెరిచింది. నన్ను, నా గంజి చీరను, నా చేతుల్ని చూసింది. పడిపోయిన పెదవిని కూడదీసుకుని ఒక్కొక్క మాటే బయటికి తోసింది.

"మరి... దాన్ని... ఏం చేశావ్?"

"పేషెంటుని చేశానండీ," అన్నాను.