మరియమాత దీవిలో వెండి బిళ్ళలు

దేవుడి మీద వాదం దొరికితే నేను వదలను. సముద్రం మధ్య మరియమాత దీవిలోని పాత కాథలిక్ చర్చికీ ఆ ఊపుతోనే వెళ్లాను. గనిలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న మా బావ నా వెంట ఉన్నాడు. గోడ నిండా ఓడ బొమ్మలు చెక్కిన వెండి బిళ్ళలు వేలాడుతుంటే చూసి ఆగిపోయాడు. మా గనుల్లో కిందికి దిగేవాడి నంబరు బిళ్ళను పైన బోర్డుకు తగిలిస్తారు. షిఫ్టు ముగిశాక కూడా అది అక్కడే ఉంటే మనిషి పైకి రానట్టే.

"గింతమంది పాయిన్రా, బామ్మర్దీ?"

"కాదు బావా. తుఫాన్ల బతికొచ్చినోళ్లు మొక్కు తీర్చుకున్న బిళ్ళలు."

"అందరొచ్చిన్రా! మన గని ఆఫీసర్ల కన్న గీ మాతనే నయం," అని కళ్లు తుడుచుకున్నాడు.

మరి మునిగిపోయినవాళ్ల బిళ్ళలేవి? ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగింది. అడిగితే జవాబు వెతుక్కోవాల్సింది మాత కాదు, మా బావ.